హైడ్రోజన్ లారీ తీసుకోవాలా? ముందు గ్యాస్ లెక్క వేయండి

హైడ్రోజన్ బండ్ల వీడియోలు చూసి "మనమూ ఒకటి తిప్పితే?" అనుకుంటున్న లారీ ఓనర్లకు, బస్సులు నడిపేవాళ్లకు ఇది. నీళ్లతో నడిచే బండి అని ఎవరైనా చెబితే నమ్మకండి. ట్యాంకులో ఉండేది హైడ్రోజన్ గ్యాస్. ఫ్యూయల్ సెల్‌లో అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటు ఇస్తుంది, ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది, నీళ్లు చివర్లో బయటికి వస్తాయి, అంతే.

షోరూమ్‌కి వెళ్లి కొనుక్కునే దశ మన దేశంలో ఇంకా రాలేదు. 2022లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారులో పార్లమెంటుకు వెళ్లారు, 2023లో ఇండియన్ ఆయిల్ ఢిల్లీలో టాటా వాళ్ల ఫ్యూయల్ సెల్ బస్సులు మొదలుపెట్టింది, 2025 మార్చిలో కేంద్రం 37 బస్సులు, లారీలు, 9 బంకులతో 10 రూట్లలో పైలట్ ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చింది. ఆ పదిలో ఒకటి మన దగ్గరే, 16వ నంబరు హైవే మీద విశాఖపట్నం–బయ్యవరం. కాబట్టి రేపు ఎవరైనా లీజుకు ఇస్తామని వస్తే ఏం అడగాలో ఇప్పుడే తెలుసుకుని ఉంటే మంచిది.

అన్నిటికంటే ముందు కిలో గ్యాస్ ఎంతకు దొరికితే మీకు గిట్టుబాటో తేల్చుకోండి. ఫ్యూయల్ సెల్ బస్సుకి 100 కిలోమీటర్లకి 8 కిలోల హైడ్రోజన్ అనుకుందాం. మీ డీజిల్ బస్సు లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 97 రూపాయలైతే, 100 కిలోమీటర్లకి 2425 రూపాయలు. దాన్ని 8తో భాగిస్తే దాదాపు 303. అంటే బంకులో కిలో 300 దాటితే డీజిలే చవక. ఇప్పుడు అవతలి వైపు నుంచి చూడండి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 55 యూనిట్ల కరెంటు కావాలి, యూనిట్ 5 రూపాయలైతే కరెంటుకే 275 అయిపోయింది, ఇంకా ప్లాంటు ఖర్చు, కంప్రెసర్, రవాణా, బంకు వాడి లాభం అన్నీ దాని మీదే పడాలి. యూనిట్ 3 రూపాయలకు దిగితే 165, అప్పుడు కూర్చుని మాట్లాడొచ్చు. ఈ లెక్క మీ మైలేజీతో, మీ ఊరి డీజిల్ రేటుతో మీరే వేసుకోండి, సేల్స్ వాళ్ల స్లైడ్లు పక్కన పెట్టి.

తర్వాత రూటు. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉంటే మోటారు దాకా చేరేది అందులో సగమే. ఆ కిలో తీయడానికి ఖర్చయిన 55 యూనిట్లనే నేరుగా బ్యాటరీలో నింపితే నలభైకి పైగా చేతికొస్తాయి. అందుకే ఆటోలకు, సిటీలో తిరిగే చిన్న బండ్లకు, సాయంత్రానికి షెడ్డుకి వచ్చేసే స్కూల్ బస్సులకు హైడ్రోజన్ ఊసే వద్దు. రోజుకి నాలుగైదు వందల కిలోమీటర్లు, బరువైన లోడు, ఛార్జింగ్‌కి ఆగే టైమ్ లేదు, తిరిగి అదే డిపోకి రావాలి అనే రూట్లకే ఇది పనికొస్తుంది. రిటర్న్ లోడు కోసం ఎటు దొరికితే అటు పోయే లారీ అయితే మర్చిపోండి, దారిలో గ్యాస్ దొరకదు.

గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగండి. 200 బార్ ఒత్తిడితో సిలిండర్లు మోసే పెద్ద ట్రెయిలర్ కూడా తెచ్చేది 300–400 కిలోలే. రోజుకి 300 కిలోమీటర్లు తిరిగే పది బస్సులకే 240 కిలోలు కావాలి. ప్లాంటు దూరమైతే రేటు అక్కడే చచ్చిపోతుంది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది కదా, ఇక చవగ్గా దొరుకుతుందిలే అనుకోకండి. అక్కడి సరుకులో ఎక్కువ భాగం ఎగుమతి కోసమే.

బండి రకం కూడా కనుక్కోండి. పైన చెప్పిన పైలట్ ప్రాజెక్టుల 37 బండ్లలో ఫ్యూయల్ సెల్‌వి 15 మాత్రమే, మిగతా 22 హైడ్రోజన్‌ని ఇంజన్‌లో మండించేవి. ఇంజన్ బండిని మన మెకానిక్ కొంత అర్థం చేసుకుంటాడు, గ్యాస్ స్వచ్ఛత విషయంలోనూ అంత పేచీ పెట్టదు, కానీ తాగుడు ఎక్కువ, పైగా నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ పూర్తిగా పోదు. ఫ్యూయల్ సెల్‌కి 99.97 శాతం శుద్ధమైన గ్యాస్ కావాలి, అందులో కార్బన్ మోనాక్సైడ్ కాస్త ఎక్కువైనా సెల్ లోపల ఉండే ప్లాటినం పూత పనిచేయడం తగ్గిపోతుంది.

ట్రయల్ ఇస్తామంటే మే నెలలోనే అడగండి, ఫుల్ లోడుతో, ఘాట్ రోడ్డు మీద. డీజిల్ ఇంజన్ వేడిలో చాలా భాగం పొగతో పాటు పోతుంది. ఫ్యూయల్ సెల్ నడిచేదే 60–80 డిగ్రీల మధ్య, దాని వేడి దాదాపు అంతా రేడియేటర్ గుండానే పోవాలి. బయట 45 డిగ్రీలుంటే ఆ తేడా చాలక బండి తనంతట తనే పవర్ తగ్గించుకోవచ్చు. డిసెంబర్‌లో చేసిన డెమో చూసి సంతకం పెట్టొద్దు.

డ్రైవర్‌కీ క్లీనర్‌కీ ఒకటి గట్టిగా చెప్పాలి: రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోయకూడదు. ఫ్యూయల్ సెల్‌కి కరెంటు ప్రవహించని ప్రత్యేక కూలెంట్ కావాలి, దాబా దగ్గర బకెట్‌తో పోసే మన అలవాటు ఇక్కడ చాలా ఖరీదు. పోర్టు ఏరియాలో బొగ్గు దుమ్ములో తిరిగితే ఎయిర్ ఫిల్టర్ కూడా కంపెనీ చెప్పిన గడువుకి ముందే మార్చాలి.

షెడ్డు సంగతి. ఎల్పీజీ కిందికి దిగుతుంది, హైడ్రోజన్ పైకప్పు దగ్గర చేరుతుంది. గాలిలో 4 శాతం ఉన్నా అంటుకోగలదు, వాసన ఉండదు, పగటి వెలుగులో మంట సరిగ్గా కనిపించదు. అందుకే కప్పుకి గాలి పోయే దారి, పైన సెన్సర్లు, నిప్పురవ్వ రాని లైట్లు తప్పనిసరి. ట్యాంకుల దగ్గర వెల్డింగ్, డ్రిల్లింగ్ అస్సలు వద్దు. సొంత బంకు పెట్టుకోవాలంటే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతులు కావాలి, ఆ తిరుగుడు టెన్షన్ మీరు తీసుకోకుండా గ్యాస్ ఇచ్చేవాళ్ల మీదే పెట్టండి.

చివరికి అగ్రిమెంట్. కంప్రెసర్ పాడై బంకు మూతపడిన రోజు కిస్తీ ఎవరు కట్టాలి, బదులు బండి ఎవరిస్తారు, కిలో ధర ఎన్నేళ్లు మారదు, ఫ్యూయల్ సెల్‌కి ఎన్ని గంటల వారంటీ, అన్నీ కాగితం మీద రాయించండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్ లేని బండి ఇది, కాబట్టి ఐదేళ్ల తర్వాత ఎంతకి వెనక్కి తీసుకుంటారో కూడా రాసివ్వమనండి. రాయలేమంటే కొనడం మానేసి నెల అద్దె మీదే మాట్లాడండి.