చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి: సొంతంగా చదువుకోవడం ఎలా?

ఈ మూడింటినీ సొంతంగా చదవాలని కూర్చునేవారు చాలామంది మొదట్లోనే చతికిలపడతారు. మెసొపొటేమియాతో మొదలుపెట్టి రోము చేరకముందే పుస్తకం మూసేస్తారు. లేదా మహాగ్రంథాల జాబితా ఒకటి సంపాదించి, పుస్తకాలన్నీ కొని, అలమరలో పెడతారు. లోపం వారి తెలివిలో లేదు, మొదలుపెట్టిన తీరులో ఉంది.

కావలసినవి కొన్నే: నోటుపుస్తకం, పెన్సిలు, ఒక అట్లాసు, గ్రంథాలయంలో సభ్యత్వం. నోట్సు చేత్తోనే రాయాలి. ఫోనులో దాచుకున్న పేజీలను ఎవరూ మళ్లీ తెరవరు.

1. ప్రశ్నతో మొదలుపెట్టండి

శాస్త్రాన్ని కాదు, ఒక సంఘటనను ఎంచుకోండి. ఉదాహరణకు 1943 బెంగాల్ కరువు. అంతమంది ఎందుకు చనిపోయారు? ఈ ఒక్క ప్రశ్నలో యుద్ధ చరిత్ర ఉంది, ధరల అర్థశాస్త్రం ఉంది, పాలకుల బాధ్యత ఎంతవరకు అన్న రాజనీతి ఉంది. ముందు చరిత్ర పూర్తిచేసి తర్వాత అర్థశాస్త్రం పడదామనుకునేవారికి ఈ ముడి ఎప్పటికీ కనిపించదు.

2. నేపథ్యం

చిన్న పుస్తకం ఒకటి చాలు. చదివి, తేదీలను ఒకే పేజీలో వేసుకోండి: 1942లో బర్మా జపాను వశం కావడం, అక్కడి బియ్యం ఆగిపోవడం, అదే ఏడాది అక్టోబరులో తుపాను, ఆపై ధరల పరుగు. ఇక్కడ ఎక్కువకాలం ఉండకండి.

3. విభేదించే ఇద్దరిని పక్కపక్కన చదవండి

అందరూ పాడుచేసే మెట్టు ఇదే. నిదానంగా నడవండి.

కరువుపై నియమించిన విచారణ సంఘం 1945లో నివేదిక ఇచ్చింది. బియ్యం కొరతను అది ప్రధాన కారణంగా చూపింది. ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో దీన్ని కాదన్నారు. ఆయన లెక్కలో 1943లో అందుబాటులో ఉన్న బియ్యం అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ. పైగా 1941 కంటే 13 శాతం ఎక్కువ. 1941లో కరువు లేదు. కాబట్టి అసలు దెబ్బ కొనుగోలు శక్తికి తగిలిందన్నారు. యుద్ధ వ్యయం ధరలను పైకి తోసింది, వ్యవసాయ కూలీలు, మత్స్యకారుల రాబడి వాటిని అందుకోలేకపోయింది.

ఇక్కడికి రాగానే చాలామంది సేన్‌కు ఓటేసి పుస్తకం మూసేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ముందు విచారణ సంఘం వాదనను మీ మాటల్లో రాయండి. దాన్ని రాసినవారే చదివి "అవును, మేమన్నది ఇదే" అనేలా ఉండాలి. అలా రాయడానికి కూర్చుంటేనే ఆ నివేదిక ప్రభుత్వాన్ని కూడా తప్పుపట్టిందని మీ కంట పడుతుంది.

తర్వాత ఇద్దరి దారులూ ఎక్కడ చీలాయో వెతకండి. చీలిక మూడు చోట్ల ఉండవచ్చు: వాస్తవం, కారణం, విలువ. సేన్ విమర్శకులు ఆనాటి పంట అంచనాలనే నమ్మలేమన్నారు, వరికి సోకిన తెగులును గుర్తుచేశారు. ఇది వాస్తవం మీద తగాదా, మరిన్ని ఆధారాలతో తేలవచ్చు. చావులకు మూలం బియ్యం కొరతా, కొనుగోలు శక్తి పడిపోవడమా అన్నది కారణం మీద తగాదా. యుద్ధం నడుస్తుండగా సైన్యానికి ముందా, ఆకలితో ఉన్న పల్లెకు ముందా అన్నది విలువల తగాదా. దాన్ని ఏ గణాంకమూ తీర్చదు. వాస్తవాన్నీ విలువనూ కలగలిపేవారు ఎన్నేళ్లు చదివినా వాదిస్తూనే ఉంటారు తప్ప ఒక్క అడుగు ముందుకు వేయరు. నోటుపుస్తకంలో ప్రతి వాక్యం పక్కన అది ఏ రకమో రాయండి. విసుగ్గానే ఉంటుంది, అయినా రాయండి.

మూలాన్ని తప్పక చూడండి. అర్థశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ పేరు ఎత్తగానే అందరూ "అదృశ్య హస్తం" అంటారు, అంటే ఎవరి లాభం వారు చూసుకున్నా తెలియకుండానే అందరికీ మేలు జరుగుతుందన్న మాట. 1776 నాటి ఆయన బృహద్గ్రంథం "ది వెల్త్ ఆఫ్ నేషన్స్"లో ఆ మాట ఒక్కసారే వస్తుంది. వర్తకులు కలుసుకుంటే ఆ సంభాషణ చివరకు ధరలు పెంచే కుట్రగా మారుతుందని కూడా అందులోనే రాశాడు. సారాంశాలు, వీడియోలు నమ్ముకున్నవారికి ఈ రెండో స్మిత్ పరిచయం కాడు. పుస్తకమంతా అక్కర్లేదు, మీ ప్రశ్నకు సంబంధించిన అధ్యాయం చదివితే చాలు.

4. ఒక పేజీ రాయండి

వారానికి ఒక పేజీ, పుస్తకం మూసి. తెరిచి రాస్తే అది ఎత్తిరాత.

తర్వాతి ప్రశ్న ఆ పేజీలోంచే పుడుతుంది. స్మిత్ తన గ్రంథంలో ధాన్య వ్యాపారం గురించి రాస్తూ, కొద్ది ఏళ్ల ముందు బెంగాల్‌లో వచ్చిన అనావృష్టిని ప్రస్తావించాడు. బియ్యం వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు పెట్టిన ఆంక్షలు ఆ కొరతను కరువుగా మార్చడానికి బహుశా తోడ్పడ్డాయన్నాడు. అంటే పాలకులు జోక్యం చేసుకున్నందుకు తప్పుపట్టాడు. మరి 1943లో తప్పు జోక్యం చేసుకోవడంలో ఉందా, చేసుకోకపోవడంలో ఉందా? ఆ భాగం తీసి, సేన్ పక్కన పెట్టి, మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టండి.