తుంటి, కాలి కండరాలు – మూడో పాఠం: ఒంటికాలి మీద నిలబెట్టే కండరం

పోయిన రెండు పాఠాల్లో ఎముకలు తడిమి చూసుకున్నాం. నడుం మీద చేతులు పెట్టుకుంటే అరచేతికి తగిలే అంచు ఇలియం. చెక్క బల్ల మీద కూర్చుంటే కింద నొక్కుకునేది ఇస్కియం. తొడ పైభాగాన, బయటి వైపు గుబ్బలా తగిలేది గ్రేటర్ ట్రొకాంటర్. ఈ మూడూ కళ్లు మూసుకున్నా చేతికి దొరకాలి. దొరక్కపోతే పాఠం ఇక్కడే ఆపి, లేచి నిలబడి వెతుక్కోండి. కండరం తాడు లాంటిది. అది కట్టిన రెండు గుంజలు ఎక్కడున్నాయో తెలియకుండా, ఏది ఎటు లాగుతుందో చెప్పలేం.

నా దగ్గరికి వచ్చే ఫిజియోథెరపీ, నర్సింగ్ పిల్లలు ఎక్కువమంది పట్టిక బట్టీ పట్టి వస్తారు. "అన్నీ చదివాను అక్కా, పరీక్ష హాల్లో టెన్షన్‌కి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి" అంటారు. కలిసిపోకుండా ఉండాలంటే ప్రతి కండరాన్నీ ఒకే ప్రశ్న అడగండి: ఇది పని చేయకపోతే మనిషి ఏ పని చేయలేడు? ఈ రోజు పిరుదుల కండరాలను అలాగే అడుగుదాం.

ముందు పెద్దది, గ్లూటియస్ మాగ్జిమస్. ఇలియం వెనక భాగం, సేక్రం (వెన్నెముక అడుగున ఉండే ఎముక), కాక్సిక్స్ (దాని కింది తోక ఎముక) నుంచి మొదలై ఏటవాలుగా కిందికి, బయటికి దిగుతుంది. ఎక్కువ భాగం తొడ బయటి పక్కన పట్టీలా సాగే ఇలియోటిబియల్ బ్యాండ్‌లో కలుస్తుంది. మిగతాది తొడ ఎముక వెనక అతుక్కుంటుంది. దీని పని తొడను వెనక్కి లాగడం, అంటే వంగినవాణ్ణి నిలబెట్టడం. చదును నేల మీద నిదానంగా నడిచేటప్పుడు దీనికి పెద్దగా పని ఉండదు. మాలకొండ గుడి తెరిచేది శనివారమే కాబట్టి ఆ రోజు మెట్ల మీద జనం ఎక్కువ. అక్కడికి వెళ్తే ఎక్కేటప్పుడు ఒక చెయ్యి పిరుదు మీద పెట్టుకోండి. పై మెట్టు మీద కాలు మోపి ఒళ్లు పైకి లేపిన ప్రతిసారీ గట్టిపడుతుంది. నాట్లు వేసే ఆడవాళ్లు మడిలో నడుం ఎత్తేటప్పుడు కూడా ఇదే, తొడ వెనక కండరాలతో కలిసి లాగుతుంది. ఇది బలహీనపడినవాళ్లు తొడ మీద చెయ్యి ఆనించి, చేతి బలంతో లేస్తారు.

బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్త వెనక కాళ్లు తన్నిపెట్టి లాగినప్పుడు తొడ బయటి పక్క పొంగే కండను చూసే ఉంటారు. పశువుల్లో ఆ కండరం పేరు గ్లూటియోబైసెప్స్. మనలో పిరుదుకూ తొడ వెనకకూ చెందిన రెండు వేరు వేరు కండరాలు అక్కడ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. రెండు కాళ్ల మీద నిలబడే మనిషికి మాగ్జిమస్ విడిగా, ఇంత పెద్దదిగా ఉంది.

ఇప్పుడు అసలు పాఠం, గ్లూటియస్ మీడియస్. ఇలియం బయటి ముఖం మీద విసనకర్రలా పరుచుకొని, కిందికి వచ్చేసరికి ముడుచుకొని గ్రేటర్ ట్రొకాంటర్ మీద అతుక్కుంటుంది. పుస్తకం దీని పని 'అబ్డక్షన్' అంటుంది, అంటే కాలిని పక్కకు ఎత్తడం. ఆ మాట దగ్గరే ఆగిపోతే ఈ కండరం మీకు ఎప్పటికీ అర్థం కాదు. రోజు మొత్తంలో కాలిని పక్కకు ఎత్తేది ఎన్నిసార్లు? ఈ కండరం మాత్రం మీరు వేసే ప్రతి అడుగులోనూ పని చేస్తుంది.

నిలబడండి. రెండు అరచేతులూ రెండు వైపులా, గ్రేటర్ ట్రొకాంటర్‌కీ ఇలియం అంచుకీ మధ్య ఆనించండి. ఇప్పుడు కుడి పాదం నేల నుంచి కొంచెం ఎత్తండి. ఏ చేతి కింద గట్టిపడింది? ఎడమ చేతి కింద. ఎత్తింది కుడి కాలు, కష్టపడింది ఎడమ వైపు. కుడి పాదం లేవగానే ఒంటి బరువు కటిని, అంటే నడుం కింది ఎముకల గూడును, కుడి వైపుకు వాల్చాలని చూస్తుంది. ఎడమ మీడియస్ కటి అంచును కిందికి లాగి పట్టుకొని ఆ వాలును ఆపుతుంది. నడక అంటే ఒంటికాలి మీద నిలబడడం, మళ్లీ రెండో ఒంటికాలి మీద నిలబడడం. అందుకే ఇది అడుగడుగునా కావాలి.

ఎంత బలంతో లాగాలో కావడి చెబుతుంది. బద్దను మధ్యలో కాకుండా ఒక కొసకు దగ్గరగా భుజం మీద పెట్టుకున్నారనుకోండి. పొట్టి కొసకు ఎక్కువ బరువు వేలాడితేనే బద్ద నిలుస్తుంది. ఇక్కడ భుజం తుంటి కీలు. పొడుగు కొసకు ఒంటి బరువు, పొట్టి కొసకు మీడియస్. 60 కిలోల మనిషిలో నిలబడిన కాలు తీసేస్తే సుమారు 50 కిలోలు. పొడుగు కొస పొట్టి కొసకు రెండింతలనుకుంటే మీడియస్ 100 కిలోల బలంతో లాగాలి. భుజం రెండు బరువులనూ మోస్తుంది కదా, కాబట్టి కీలు మీద పడేది 150 కిలోలు, అంటే ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. ఊరికే ఒంటికాలి మీద నిలబడినందుకే ఇంత.

తుంటి నొప్పి ఉన్న పెద్దవాళ్లు చేతికర్రను నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. రెండో చేతిలో పట్టుకోవాలి. కర్ర కావడి పొడుగు కొసను కింద నుంచి పైకి నెడుతుంది. అప్పుడు మీడియస్ అంత లాగనక్కర్లేదు, కీలు మీద భారం తగ్గుతుంది. మీ ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో ఈ రోజే చెప్పండి. ఈ పాఠంలో ఇదొక్కటి గుర్తున్నా నాకు సంతోషం.

మీడియస్ పని చేయకపోతే? ఆ కాలి మీద నిలబడగానే కటి రెండో వైపుకు వాలిపోతుంది. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు, ఒంటికాలి మీద నిలబెట్టి ఈ వాలును చూసే పరీక్షకు ఆయన పేరే ఉంది. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: వాలిన వైపు బలహీనం అని రాస్తారు. కాదు, బలహీనమైనది నిలబడిన వైపు. ఇందాక మీ ఎడమ చేతి కింద ఏమైందో గుర్తు చేసుకుంటే ఈ తప్పు ఇంకెప్పుడూ రాదు. పోలియో వల్ల ఈ కండరం పోయినవాళ్లు వాలకుండా ఉండడానికి ప్రతి అడుగుకీ ఒంటిని ఆ కాలి మీదికే ఒరిగిస్తారు. పొడుగు కొసను చిన్నది చేసుకుంటున్నారన్నమాట. ఆ ఊపును ఎగతాళి చేసేవాళ్లను చిన్నప్పుడు చూశాను. అది శరీరం తనంతట తాను కనిపెట్టుకున్న లెక్క అని తెలిశాక ఆ నడక మీద నాకు గౌరవం పెరిగింది.

మీడియస్ కిందే గ్లూటియస్ మినిమస్ ఉంటుంది, పనీ అదే. ముందు వైపు టెన్సర్ ఫేషియే లేటే అనే ఇంకో కండరం తోడు. ఈ మూడింటికీ ఒకే నరం, సుపీరియర్ గ్లూటియల్ (ఎల్4, ఎల్5, ఎస్1 – ఇవి వెన్నులో ఆ నరం మొదలయ్యే వేళ్ల గుర్తులు; ఎల్ నడుం భాగం, ఎస్ సేక్రం భాగం). మాగ్జిమస్‌కి మాత్రం ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ (ఎల్5, ఎస్1, ఎస్2). ఈ 'పైది', 'కిందిది' పేర్లు పిరిఫార్మిస్ అనే చిన్న కండరాన్ని బట్టి వచ్చాయి. సేక్రం ముందు నుంచి గ్రేటర్ ట్రొకాంటర్ పై కొసకు అడ్డంగా వెళ్లే ఈ కండరానికి పై నుంచి ఒక నరం, కింది నుంచి ఇంకొకటి బయటికి వస్తాయి. ఎక్కువమందిలో ఒంట్లోకెల్లా లావైన సయాటిక్ నరం కూడా కింది నుంచే వస్తుంది.

నర్సింగ్ పిల్లలూ, ఇది మీకోసం. పిరుదును మనసులో నాలుగు భాగాలు చేస్తే పైన, బయటి వైపున్న భాగంలోనే ఇంజెక్షన్. కింద, లోపలి వైపు సయాటిక్ నరం ఉంటుంది. మా పెదనాన్నకు జ్వరమని ఒకచోట తుంటికి సూది వేశారు. ఆ రాత్రి నుంచే పాదం పైకి లేవలేదు. తర్వాత నడిచినన్నాళ్లూ చెప్పు ఈడ్చుకుంటూనే నడిచారు. వేసినవాళ్లకు నాలుగు వేళ్ల దూరం తెలియలేదు. నేను ఈ చదువు వైపు రావడానికి ఆయన పాదమే కారణం. సూది పట్టుకునే ముందు చేత్తో ఎముక తడమండి, తడమకుండా ఎవరికీ వేయకండి.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేయండి. బస్టాండులో ఓ పావుగంట కూర్చుని నడిచేవాళ్ల నడుం పట్టీ గీతను గమనించండి, ఎవరిది ఎటు వాలుతుందో, అప్పుడు ఏ కాలు నేల మీదుందో రాసుకోండి. రెండోది, బాసిపట్టు వేసుకొని కూర్చుని, తొడ ముందు భాగంలో పై నుంచి లోపలికి ఏటవాలుగా తాడులా తేలే కండరాన్ని వేలితో వెంబడించండి. కటి ముందు కొస నుంచి మోకాలి లోపలి వైపు దాకా వెళ్తుంది. దాని పేరు ఏమిటో, ఆ పేరుకీ దర్జీకీ సంబంధం ఏమిటో నాలుగో పాఠంలో.