కారు కుదుపుతో రోడ్డు గతుకును కొలవడం

రోడ్డు ఎంత గతుకుగా ఉందో తెలుసుకోవడానికి మన ఇంజనీర్లు చాలాకాలంగా బంప్ ఇంటిగ్రేటర్‌ను వాడుతున్నారు. ఒంటి చక్రమున్న ఆ బండిని జీపుకు తగిలించి గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగితే, గతుకు కిలోమీటరుకు ఇన్ని మిల్లీమీటర్లని లెక్క వస్తుంది. అది దొరకని చోట కారూ, సెకనుకు 100 రీడింగులు నమోదు చేయగల ఫోనూ ఉంటే, ముందుగా మరమ్మతు చేయవలసిన భాగమేదో తేల్చవచ్చు. అయితే ఫోన్‌కు తెలిసేది కారు కుదుపు ఒక్కటే. అందులోంచి రోడ్డు వాటాను విడదీయడమే అసలు పని.

ఫోన్‌ను డ్యాష్‌బోర్డుకు గట్టిగా బిగించండి, ఎందుకంటే ఊగే స్టాండు తన ఊపును కూడా లెక్కలో కలిపేస్తుంది. ఆగి ఉన్న కారులో యాక్సిలరోమీటర్ (ఫోన్‌లో కుదుపును కొలిచే సెన్సర్) నిలువు రీడింగు, భూమ్యాకర్షణ వల్ల వచ్చే 9.8 మీ/సె² దగ్గర లేకపోతే ఫోన్ ఒరిగి ఉన్నట్టే. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 10 మీటర్లు పోతుంది కనుక, పది సెంటీమీటర్లకొక రీడింగు దొరుకుతుంది. ఫోన్ జీపీఎస్ మాత్రం సాధారణంగా సెకనుకు ఒకసారే, అదీ కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. అందువల్ల గుంతకొక చుక్క పెట్టే ఆశ మానుకొని, రోడ్డును 100 మీటర్ల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కలో నిలువు రీడింగులు తమ సగటు నుంచి ఎంత చెదిరాయో లెక్కగట్టండి.

వేగం మారితే అదే గతుకు వేరే అంకె ఇస్తుంది. కాబట్టి ఒకే కారును, ఒకే టైరు గాలితో, వీలైనంత నిలకడగా నడపండి. బ్రేకు వేసి పాకిన ముక్కలను తీసేయండి.

స్పీడ్ బ్రేకర్లను గుంతలుగా లెక్కిస్తే ఫలితమంతా తలకిందులవుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కుతాయి, తర్వాత వెనక చక్రాలు రెండూ. ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లున్న కారు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో దాటితే, రీడింగుల గ్రాఫులో అర సెకను తేడాతో రెండు ఎత్తయిన గీతలు కనిపిస్తాయి. గుంతలో తరచుగా ఒక పక్క చక్రమే పడుతుంది కనుక కారు పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు ఫోన్‌లో తిరుగుడును కొలిచే గైరోస్కోపులో తెలుస్తుంది. దీనికన్నా మోసపుచ్చేది డ్రైవరు నేర్పు. రోజూ ఆ దారిన తిరిగేవాడు పెద్ద గుంతను అలవోకగా తప్పిస్తాడు, మీ పట్టికలో అక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది! అందుకే వేర్వేరు డ్రైవర్లతో కనీసం ఐదారుసార్లు తిప్పించి మధ్యస్థ విలువను తీసుకోండి.

చివరగా, బంప్ ఇంటిగ్రేటర్‌తో కొలిచిన రోడ్లు, మంచివీ చెడ్డవీ, కొన్నింటి మీద అదే కారును నడిపి రెండు అంకెలనూ గ్రాఫులో పోల్చండి. కారు మారినా, షాక్ అబ్జార్బర్లు మార్పించినా ఈ పోలికను మళ్లీ మొదటి నుంచి చేయాలి.