కాలర్‌బోన్ కీలు తప్పిందా? కట్టు దగ్గర్నుంచి బస్తా ఎత్తేదాకా ఏం చేయాలంటే

బండి స్కిడ్ అయి భుజం మీద పడ్డారు. ఇంటికొచ్చి చొక్కా విప్పి అద్దంలో చూసుకుంటే కాలర్‌బోన్ బయటి కొస, అంటే భుజం మొనకి కాస్త ఇవతల, బుడిపెలా లేచి ఉంది. వేలితో అదిమితే హార్మోనియం మెట్టులా కిందికి దిగి, వదలగానే మళ్ళీ లేస్తోంది. చెయ్యి పైకెత్తబోతే ప్రాణం పోతోంది. ఇలా ఉంటే చాలావరకు అది ఏసీ జాయింట్, అంటే కాలర్‌బోన్ వీపు పైభాగాన ఉండే రెక్క ఎముకతో భుజం దగ్గర కలిసే కీలు, తప్పడమే. హైవే మీద కావలికీ ఒంగోలుకీ మధ్య బైకుల మీద తిరిగేవాళ్ళకి, సంక్రాంతి కబడ్డీలో పట్టు పడినప్పుడు భుజం నేలకి గుద్దుకున్న కుర్రాళ్ళకి, మేత బస్తాతో రొయ్యల చెరువు గట్టు మీద కాలుజారిన వాళ్ళకి తగిలే దెబ్బ ఇది.

ఎలా జరుగుతుందంటే, చెయ్యి ఒంటికి ఆనుకుని ఉన్నప్పుడు భుజం మొన నేరుగా నేలకి తగులుతుంది. ఆ దెబ్బకి రెక్క ఎముక చెయ్యితో సహా కిందికి పోతుంది, కాలర్‌బోన్ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, రెండిటినీ కలిపి ఉంచే లిగమెంట్లు సాగుతాయి లేదా తెగుతాయి. చూడ్డానికి ఎముక పైకి లేచినట్టు ఉంటుంది గానీ నిజానికి దిగింది చెయ్యి. అందుకే చెయ్యి బరువుని మెడ మీదకి ఎత్తి పెట్టే స్లింగ్‌తో నొప్పి అంత తగ్గుతుంది.

ఆ బుడిపె మాయం కావాలని మాత్రం పట్టుబట్టకండి. లిగమెంట్లు పూర్తిగా తెగితే, సర్జరీ లేకుండా అది ఎంతో కొంత మిగిలిపోతుంది. అది ఉన్నా చెయ్యి పూర్తిగా లేస్తుంది, బరువు మోస్తుంది. బుడిపె తగ్గలేదన్న టెన్షన్‌తోనే జనం అవసరం లేని సర్జరీలకీ, గట్టి కట్లకీ పోతుంటారు.

ముందు ఏ కొస తప్పిందో చూడండి

కాలర్‌బోన్‌కి రెండు కొసలు. బయటి కొస భుజం దగ్గర రెక్క ఎముకతో కలుస్తుంది, అదే ఏసీ జాయింట్. లోపలి కొస గొంతు గుంట పక్కన రొమ్ము ఎముకతో కలుస్తుంది, దాన్ని ఎస్సీ జాయింట్ అంటారు. లోపలి కొస తప్పడం అరుదు, అది కూడా ఎక్కువగా ముందుకే వస్తుంది. ముందుకొస్తే గొంతు కింద ముద్దలా కనిపిస్తుంది, కొన్నాళ్ళు నొప్పి పెడుతుంది, చాలామందికి సర్జరీ లేకుండానే సర్దుకుంటుంది.

ప్రమాదమంతా లోపలి కొస వెనక్కి పోయినప్పుడు. దాని వెనకాలే గాలి గొట్టం, అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. గొంతు పక్కన గుంట పడినట్టు ఉండి, ఊపిరి ఆడకపోవడం, మింగడం కష్టం కావడం, గొంతు బొంగురుపోవడం, ఆ వైపు చెయ్యి ఉబ్బడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, వీటిలో ఏది కనిపించినా ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఆగకండి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి. దీనికి సీటీ స్కాన్ కావాలి, సర్దడం కూడా ఆపరేషన్ థియేటర్‌లో, అవసరమైతే గుండె, ఊపిరితిత్తుల సర్జన్ అందుబాటులో ఉన్నచోట చేయాలి. దారిలో తిండి, నీళ్ళు పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఆ ఎముక లోపలి కొస 23 నుంచి 25 ఏళ్ళ దాకా పూర్తిగా ముదరదు, కాబట్టి కుర్రాళ్ళలో కీలు తప్పినట్టు కనిపించేది ఒక్కోసారి ఆ పెరిగే చోట విరగడం అవుతుంది. అది తేల్చాల్సింది డాక్టరే.

ఇక గూడ జారడం వేరు. అక్కడ చేతి ఎముక గుండు గూట్లోంచి బయటికి వచ్చేస్తుంది, భుజం గుండ్రదనం పోయి పలకగా కనపడుతుంది. ఇక్కడ చెప్పే వ్యాయామాలు దానికి పనికిరావు, ఈ రెంటినీ కలిపేసుకోకండి.

పడిన వెంటనే

ముందు తల, మెడ, పక్కటెముకలు చూసుకోండి. భుజం నొప్పి గోలలో తలకి తగిలిన దెబ్బ మరిచిపోతారు. మనిషిని కూర్చోబెట్టి, మోచెయ్యి వంచి, తుండు గుడ్డనో చున్నీనో మెడకి వేసి చెయ్యి అందులో పెట్టండి, మణికట్టు మోచెయ్యి కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. చెయ్యి లేస్తుందా లేదా అని పదే పదే ఎత్తించి చూడకండి. ఆసుపత్రికి ఆటోలోనో కారులోనో తీసుకెళ్ళండి, బైకు వెనక కూర్చోబెడితే ప్రతి గుంటకీ నరకం కనిపిస్తుంది.

మొదటి రెండు రోజులు ఐసు. మన తీరంలో రొయ్యలకి, చేపలకి వాడే ఐసు ఎక్కడైనా దొరుకుతుంది, పగలగొట్టి గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టండి. ఐసుని నేరుగా చర్మం మీద పెడితే చర్మం చెడుతుంది. కాపడం, నొప్పి బామ్ రుద్దడం, వేడి నూనె పట్టించడం ఈ రోజుల్లో వద్దు.

నొప్పి మాత్ర పారాసెటమాల్‌తో మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుంటే హాయిగా ఉంటుంది నిజమే, కానీ కిడ్నీ సమస్య, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు.

కట్టు సంగతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎముక అనగానే ఎవరో ఒకరు పుత్తూరు కట్టు మాట ఎత్తుతారు. ఇంట్లో నాయనమ్మ అయితే "నూనె రాసి ఒక్కసారి లాగితే సరిపోద్ది రా అబ్బాయా" అంటుంది. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి, ఒక్క విషయం చెప్పండి: ఇక్కడ అసలు దెబ్బ ఎముకకి కాదు, తెగింది లిగమెంటు. వెదురు బద్దలు, గుడ్డ చుట్టి చేతినో కాలినో కదలకుండా ఉంచొచ్చు గానీ, భుజం మీద ఈ కీలుని కిందికి అదిమి పట్టి ఉంచడం ఏ కట్టు వల్లా కాదు. ఆసుపత్రుల్లో కూడా ఒకప్పుడు పట్టీలతో ఇలా అదిమి ఉంచాలని చూశారు, చర్మం పుళ్ళు పడటం తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేక వదిలేశారు. లాగడం మాత్రం అసలు వద్దు, ఎందుకంటే లోపల ఎముక కూడా విరిగి ఉందో లేదో ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు.

ఎక్స్‌రే, గ్రేడ్లు, సర్జరీ

నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో ఎముకల విభాగం ఉంది. ఎక్స్‌రే తీసేటప్పుడు రెండు భుజాలూ తీయమని అడగండి, బాగున్న వైపుతో పోల్చితేనే ఎంత తప్పిందో తెలుస్తుంది. స్లింగ్ తీసేసి చెయ్యి వేలాడుతుండగా తీయాలి. పడుకోబెట్టి తీస్తే తప్పిన కీలు కూడా సరిగ్గా ఉన్నట్టు కనిపించే వీలుంది. ఎముక వెనక్కి పోయిందేమో చూడటానికి పక్క నుంచి ఇంకో ఫిల్మ్ కావాలి.

రిపోర్టులో కీలు ఎంత తప్పిందో చెప్పే రాక్‌వుడ్ టైప్ అని ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే బెణుకు. రెండు అంటే కీలు మీది లిగమెంట్లు తెగాయి, దాని కింద కాలర్‌బోన్‌ని పట్టి ఉంచే గట్టి లిగమెంట్లు సాగాయి గానీ నిలిచాయి. ఈ రెండింటికీ సర్జరీ మాటే లేదు. నాలుగు, ఐదు, ఆరు అంటే ఎముక వెనక కండలోకి దూరడం, చాలా పైకి లేవడం, కిందికి పోయి ఇరుక్కోవడం. వీటికి మామూలుగా సర్జరీ చేస్తారు, ఆరో రకం ఎక్కడో గానీ కనపడదు.

తగువంతా మూడో రకం దగ్గరే. అన్ని లిగమెంట్లూ తెగుతాయి, బుడిపె బాగా కనిపిస్తుంది, ఎక్స్‌రే చూస్తే భయం వేస్తుంది. అయినా ఎక్కువమందికి స్లింగ్, వ్యాయామం సరిపోతాయి. కెనడాలో కీలు పూర్తిగా తప్పిన 83 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి సర్జరీ చేసి హుక్ ప్లేట్, అంటే ఎముకని అదిమి పట్టే కొక్కెం ఉన్న లోహపు పట్టీ, వేసి, రెండో గుంపుకి స్లింగ్, వ్యాయామం ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌రేలు సర్జరీ వాళ్ళవే బాగున్నాయి, కానీ మొదటి నెలల్లో చెయ్యి బాగా వాడుకున్నది సర్జరీ లేనివాళ్ళు, రెండేళ్ళయ్యేసరికి ఇద్దరికీ పెద్ద తేడా లేదు. కాబట్టి మూడో రకానికి మూడు నెలలు వ్యాయామం శ్రద్ధగా చేసి, అప్పటికీ చెయ్యి పనికి రాకపోతే సర్జరీ గురించి ఆలోచించడం నా దృష్టిలో తెలివైన పని. రోజూ తలకి పైన బరువులెత్తే పనివాళ్ళు, బంతి విసిరే ఆటగాళ్ళు ముందే ఇంకో డాక్టర్ అభిప్రాయం కూడా తీసుకోవచ్చు. సర్జరీ అన్నవాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి: నాది ఏ టైప్? ఏం వేస్తారు? హుక్ ప్లేట్ అయితే కొన్ని నెలల తర్వాత తీయడానికి మళ్ళీ ఆపరేషన్ ఉంటుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, మీ సర్జరీకి వర్తిస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆసుపత్రి కౌంటర్‌లో కనుక్కోండి.

స్లింగ్ ఉన్నన్నాళ్ళు

ఒకటో రకానికి వారం, రెండు మూడు రకాలకి రెండు మూడు వారాలు. నొప్పి తగ్గేదాకా పెట్టుకునేదే తప్ప నెలల తరబడి కాదు. షుగర్ ఉన్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు చెయ్యి కదపకుండా ఉంచేస్తే భుజం బిగుసుకుపోతుంది, ఆ బిగుతు వదలడానికి ఏడాది పైన కూడా పట్టొచ్చు.

చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. టీషర్టులు పక్కన పెట్టి బొత్తాల చొక్కాలు వేసుకోండి. చీర కట్టేవాళ్ళకి ముందు హుక్కుల జాకెట్టు నయం, పైట బరువు దెబ్బ తగిలిన భుజం మీద పడకుండా రెండో భుజం మీదకి మార్చుకోవచ్చు. స్నానం చేసేటప్పుడు చంక కింద పొడిగా తుడవండి, మే నెల ఎండల్లో స్లింగ్ కింద చెమట పట్టి చర్మం పాస్తుంది. రాత్రి వెల్లకిలా, వీపు వెనక రెండు దిళ్ళు, మోచెయ్యి కింద ఒకటి పెట్టుకుని పడుకోండి. మొదటి వారం పడక్కుర్చీలో నిద్రపోయినా తప్పులేదు. బీడీ, సిగరెట్ మానండి, గాయం మాని గట్టిపడాలంటే రక్తం బాగా అందాలి. స్లింగ్‌తో బండి నడపడం మాత్రం వద్దు. "పక్క వీధిదాకే" అన్నవాళ్ళే మళ్ళీ పడతారు.

వ్యాయామాలు

మొదటి రోజు నుంచే వేళ్ళు మూసి తెరవడం, మణికట్టు తిప్పడం, స్లింగ్ తీసి మోచెయ్యి చాచి ముడవడం చేయాలి, రోజుకి నాలుగైదు సార్లు. కింద చెప్పే వారాలు సర్జరీ లేనివాళ్ళకి. సర్జరీ అయితే మీ సర్జన్ చెప్పిన లెక్కే లెక్క.

మొదటి వారం చివరికి నొప్పి తగ్గుతుంటే మంచం పట్టెనో బల్లనో మంచి చేత్తో పట్టుకుని నడుం వంచి, దెబ్బ తగిలిన చేతిని కిందికి వదిలేయండి. ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊపితే చెయ్యి దానంతట అది ఊగాలి, భుజం కండతో ఊపకూడదు. ఒకటి రెండు నిమిషాలు చాలు. దాంతోపాటు నిటారుగా కూర్చుని రెండు రెక్కలూ వెనక్కి దగ్గరికి తెచ్చి అయిదు లెక్కపెట్టి వదలాలి, పది సార్లు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, అందుకే అందరూ ఎగ్గొడతారు. కానీ లిగమెంటు పోయాక ఆ భుజాన్ని నిలబెట్టేది రెక్క చుట్టూ ఉన్న కండలే, ఈ ఒక్కటి మాత్రం మానకండి.

రెండు మూడు వారాలకి బల్ల మీద తువ్వాలు వేసి దాని మీద చెయ్యి పెట్టి ముందుకు జరపడం, తర్వాత గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. మూడో రకం అయితే నాలుగు వారాల దాకా భుజం ఎత్తు దాటించకండి. గోడకి పిడికిలి, మోచెయ్యి ఆనించి కదలకుండా నెట్టడం కూడా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, సగం బలంతోనే.

ఆరు వారాలు దగ్గర పడుతుండగా చెయ్యి నొప్పి లేకుండా పైకి లేస్తుంటే రబ్బరు బ్యాండు, లేదంటే అరలీటరు నీళ్ళ సీసా. సీసాతో రెండు వారాలు ఇబ్బంది లేకపోతే లీటరుకి మారండి. చెయ్యి ఛాతీకి అడ్డంగా అవతలి భుజం మీదకి లాగడం, బస్కీలు (పుషప్స్), బెంచ్ ప్రెస్ అన్నిటికన్నా చివర, ఎందుకంటే ఈ కీలుని నేరుగా నొక్కేవి అవే.

ఎంత చేయాలో తెలియకపోతే మర్నాటి పొద్దునని అడగండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి మామూలే, తెల్లారేసరికి తగ్గిపోతే సరిగ్గా చేస్తున్నట్టు. తెల్లారినా సలుపుతుంటే నిన్నటిది ఎక్కువైంది, సగానికి తగ్గించండి.

పనిలోకి

కూర్చుని చేసే పని, షాపు కౌంటరు, కంప్యూటర్ అయితే వారం పది రోజుల్లో వెళ్ళొచ్చు. బండి నడపడం స్లింగ్ తీసేసి, రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని సడన్ బ్రేక్ వేయగలిగినప్పుడు. ధాన్యం బస్తాలు, మేత బస్తాలు, చీమకుర్తి వైపు రాతి పని, పడవల మీద వల లాగడం, వీటికి రెండో రకం అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, మూడో రకం అయితే మూడు నెలలు పెట్టుకోండి. కబడ్డీ కూడా మూడు నెలల తర్వాతే. మేస్త్రీతో ముందే మాట్లాడి మొదటి కొన్ని రోజులు తేలిక పని అడగండి, బస్తాని తప్పిన భుజం మీద కాకుండా రెండో భుజం మీద వేసుకోండి. బ్యాగు పట్టీ కూడా ఆ బుడిపె మీద ఒరుసుకుంటుంది, లోపల మెత్తటి గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది.

నెలలు గడిచాక చెయ్యి ఎత్తినప్పుడు టిక్కుమని శబ్దం వస్తే, నొప్పి లేనంతవరకు దాన్ని వదిలేయండి. కొందరికి ఏళ్ళ తర్వాత ఆ కీలు అరిగి, అడ్డంగా చెయ్యి చాచినప్పుడు, ఆ వైపు తిరిగి పడుకున్నప్పుడు నొప్పి మొదలవుతుంది. దానికి మాత్రలు, కీల్లో ఇంజెక్షన్, అవీ పనిచేయకపోతే ఎముక కొసని కొద్దిగా తీసేసే చిన్న సర్జరీ ఉన్నాయి, పాత ఎక్స్‌రేలు పారేయకుండా ఉంచితే అప్పుడు డాక్టర్‌కి పని సులువవుతుంది.