అమెరికాలో ఫైనాన్స్ డిగ్రీ: మన నల్లగొండ, పాలమూరు పిల్లలు కాలేజీ ఎంచుకునే ముందు

మిర్యాలగూడ నుంచో, జడ్చర్ల నుంచో ఎంఎస్‌కు వచ్చేవాళ్లకు దారి చెప్పే అన్నలు, అక్కలు ఇక్కడ చాలామందే దొరుకుతారు. ఇంటర్‌లో ఎంఈసీ చదివి నేరుగా డిగ్రీకే వచ్చి, ఫైనాన్స్‌లో స్థిరపడాలనుకునే పిల్లలకు అలా చెప్పేవాళ్లు తక్కువ. ఫీజు కలిసొస్తుందని కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల చదువుండే స్థానిక కాలేజీ) చేరి, తర్వాత ఎక్కడికి మారాలా అని వెతుక్కుంటున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మీ ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం) బయటికి తీయండి. మొదటి పేజీలో ప్రోగ్రామ్ ఆఫ్ స్టడీ అన్నచోట మేజర్ పేరు పక్కనే ఆరంకెల కోడ్ ఉంటుంది. 52.0801 అంటే జనరల్ ఫైనాన్స్. దానికి చదువయ్యాక 12 నెలల ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) వస్తుంది, అంతే. 27.0305 ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్, 45.0603 ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మాత్రం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నాయి. వాటితో ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. ఉద్యోగంలో కుదురుకోవడానికి, హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీలో మళ్లీ పేరు వేయించుకోవడానికి ఆ రెండేళ్లు ఎంత అక్కరకొస్తాయో వేరే చెప్పక్కర్లేదు. దాదాపు ఒకే చదువును ఒక యూనివర్సిటీ ఒక కోడ్ కింద, ఇంకోటి మరో కోడ్ కింద పెడుతుంది. కాబట్టి బ్రోచర్‌లో పేరు చూసి ఆగిపోకుండా అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టి కోడ్ అడగండి. జవాబు దాచుకోండి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఫైనాన్స్‌కు తోడు ఇలాంటి రెండో మేజర్ కూడా తీసుకోగలిగితే మరీ మంచిది.

ఆ తర్వాత చూసుకోవాల్సింది టైమ్. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. న్యూయార్క్‌లోని పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు మూడో ఏడాది అయ్యాక వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు రెండో ఏడాదిలోనే అప్లికేషన్లు తీసుకుంటాయి. ఫుల్‌టైమ్ ఉద్యోగాలు ఎక్కువగా ఆ ఇంటర్న్‌లకే వెళ్తాయి. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో ఉండి మూడో ఏడాది మంచి యూనివర్సిటీలో అడుగుపెట్టేసరికి ఆ తలుపు చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. మీ గురి అదే అయితే ఒక్క ఏడాదికే మారే దారి చూడండి, లేదా ఉన్నచోటి నుంచే రెండో ఏడాదిలో అప్లై చేయడం మొదలుపెట్టండి. అకౌంటింగ్, కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో ఉద్యోగాలకు ఇంత హడావుడి ఉండదు.

ర్యాంకు కన్నా, క్యాంపస్‌కు ఎవరొస్తున్నారన్నది నాకు ముఖ్యం. వార్టన్, ఎన్‌వైయూ స్టెర్న్, మిషిగన్ రాస్ బిజినెస్ స్కూళ్ల పేర్లు అందరికీ తెలిసినవే. వాటిలో సీటు గానీ, వాటికి పెట్టే డబ్బు గానీ అందరికీ సాధ్యం కాదు. ఇండియానా కెల్లీ, టెక్సాస్ మెకూంబ్స్, మన్‌హాటన్‌లోనే ఉన్న బరూక్ వంటి ప్రభుత్వ కాలేజీలనూ చిన్నచూపు చూడకండి. ఏ కాలేజీ అయినా కెరీర్ సెంటర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: పోయిన ఏడాది ఫైనాన్స్ పిల్లల్ని ఏయే కంపెనీలు తీసుకున్నాయి? వాళ్లలో ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్లు ఎందరు? రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే నేనైతే ఆ కాలేజీని పక్కన పెడతాను. ఎందుకంటే ఇక్కడ అప్లికేషన్ ఫారాల్లో ఇప్పుడు గానీ, ముందుముందు గానీ మీకు స్పాన్సర్‌షిప్ (మీ ఉద్యోగ వీసాకు కంపెనీ దరఖాస్తు చేయడం) కావాలా అని అడుగుతారు. అవునని టిక్ పెట్టగానే పక్కన పెట్టేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. మీరు నిజమే రాయండి, దానికి భయపడని కంపెనీలు వచ్చే కాలేజీనే వెతుక్కోండి.

ఖర్చు సంగతి ఇంట్లో విడమరిచి చెప్పండి. ఐ-20 మీద ఉండేది మామూలుగా ఒక ఏడాది ఖర్చు లెక్కే. బత్తాయి తోట తాకట్టు పెట్టి పంపిన నాన్నకు నాలుగేళ్ల మొత్తం ముందే తెలియాలి. విదేశీ పిల్లలకు పూర్తి సాయం చేసే కాలేజీలు కొన్నే. పైగా ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేవాళ్లకు స్కాలర్‌షిప్ వేరుగా ఉండొచ్చు, అదీ అడగండి. ఊళ్లో కన్సల్టెన్సీ ఇచ్చిన లిస్టులో కమీషన్ వచ్చే కాలేజీలు ముందుండొచ్చు, దాని మీదే ఆధారపడకండి.

ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటారో కొత్త కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే మారండి. ఇప్పుడు చదివే ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచి ఉంచండి, క్రెడిట్ల దగ్గర పేచీ వస్తే అదే చూపించాలి. పాత కాలేజీ డీఎస్ఓతో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడి సెవిస్ రికార్డు (ప్రభుత్వం దగ్గరుండే మీ స్టూడెంట్ వీసా వివరాలు) బదిలీ చేయించుకోండి. కొత్త ఊరికి మారాక 10 రోజుల్లోపు కొత్త కాలేజీ డీఎస్ఓకు అడ్రస్ తెలియజేయండి.