ఇంట్లో పూల టీ – మూడో పాఠం: కామోమైల్‌ను మరిగించకుండా కాయడం

కామోమైల్ అంటే చామంతి కుటుంబంలోని ఒక చిన్న తెల్ల రేకుల పువ్వు. ఆ పూలు కొనడం గురించి కిందటి పాఠంలో చెప్పుకున్నాం. బేగంబజార్‌లో గానీ చార్మినార్ వైపు మూలికల దుకాణాల్లో గానీ ‘గుల్-ఎ-బాబూనా’ అని అడిగితే చాలు. యునానీ వైద్యంలో కామోమైల్‌కు ఆ పేరే నడుస్తుంది కాబట్టి కొట్టతను ఇంకో ప్రశ్న వెయ్యకుండా పొట్లం కడతాడు. ఆ పాఠంలో ఒక సందేహం మిగిలిపోయింది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూజకు తెచ్చే చామంతుల్ని ఎండబెట్టి వాడుకోవచ్చా? వద్దు. రెండిటిదీ ఒకే కుటుంబమైనా మొక్కలు వేరు. పైగా దండల కోసం పండించే పూలకు మందు కొట్టేటప్పుడు వాటిని ఎవరో మరిగించి తాగుతారని ఏ రైతూ అనుకోడు.

ఇవాళ కప్పు తయారు చేద్దాం. పని చిన్నదే, కానీ మన చేతి అలవాటు దానికి అడ్డొస్తుంది. టీ పెట్టమంటే మనం గిన్నెలో నీళ్ళు, పొడి వేసి, దంచిన అల్లం తగిలించి, రెండు పొంగులు వచ్చేదాకా మరిగిస్తాం. కషాయమైతే రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా వదలం. శొంఠికి, మిరియాలకు, దాల్చినచెక్కకు ఆ పద్ధతి సరైనదే. గట్టి సరుకు గనక లోపలి సారం దిగడానికి మంట కావాలి. కామోమైల్ సంగతి వేరు. దాని సువాసన నూనె పువ్వు పైభాగంలోనే, కంటికి కనపడని సన్నటి గ్రంథుల్లో ఉంటుంది. వేడి నీళ్ళు తగిలితే చాలు, బయటికి వచ్చేస్తుంది. మరిగిస్తే ఆవిరితోపాటు ఎగిరిపోతుంది. వంటిల్లంతా కమ్మగా ఉంటుంది, కప్పులో మాత్రం చేదు నీళ్ళు మిగులుతాయి.

అందుకే ఈ పాఠమంతా ఒక మూత చుట్టూ తిరుగుతుంది. ఇరానీ చాయ్ డికాక్షన్‌కు దమ్ పెట్టడం ఈ ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ కావలసిందీ ఆ దమ్మే, కాకపోతే కింద మంట ఉండదు.

ముందు కొలత. 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్ళకు సుమారు 2 గ్రాముల ఎండు పూలు. త్రాసు లేకపోతే పెద్ద చెంచాతో ఒకటి, కాస్త ఎత్తుగా. పూలు తేలికగా, గుల్లగా ఉంటాయి కాబట్టి చెంచా కొలత అటూ ఇటూ అవుతుంది, దానికి కంగారు పడొద్దు. టీ బ్యాగు వాడేవాళ్ళు ఒకటి గమనించాలి. ఒక్కో బ్యాగులో సాధారణంగా గ్రాము, గ్రామున్నర మించి ఉండదు. దాన్ని పావు లీటరు పైన పట్టే ఆఫీసు మగ్గులో వేసి ‘ఇందులో రుచేం లేదు’ అంటే ఆ తప్పు పువ్వుది కాదు. నీళ్ళు తగ్గించండి, లేదా రెండు బ్యాగులు వెయ్యండి.

నీళ్ళు మీరు రోజూ తాగేవే వాడండి. బోరు నీళ్ళు మాత్రం వద్దు. నగరంలో చాలాచోట్ల ఆ నీళ్ళలో సున్నం, ఉప్పు ఎక్కువ. మసాలా చాయ్‌లో ఆ తేడా తెలియదు గానీ ఇంత సున్నితమైన రుచి వాటిలో నిలవదు. గిన్నె విషయంలోనూ జాగ్రత్త. పొద్దున అల్లం చాయ్ కాచిన గిన్నెను ఎంత తోమినా ఆ వాసన ఎక్కడో అంటుకునే ఉంటుంది. నీళ్ళకు వేరే గిన్నె గానీ ఎలక్ట్రిక్ కెటిల్ గానీ పెట్టుకోండి.

నీళ్ళు బాగా తెర్లాక స్టవ్ కట్టేయండి. ఎన్ని డిగ్రీలని థర్మామీటర్ పెట్టి చూడక్కర్లేదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉన్న మన ఊళ్ళో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బుడగలు ఆగగానే పూల మీద పోసి, వెంటనే మూత పెట్టేయండి. మూత లేని మగ్గయితే చిన్న స్టీలు ప్లేటు బోర్లించినా సరిపోతుంది. పల్చటి స్టీలు గ్లాసు కంటే మందపాటి పింగాణీ మగ్గు మేలు, వేడి త్వరగా దిగిపోదు.

మొదటిసారి చేసేటప్పుడు గాజు కప్పులో చేసి చూడండి. నీళ్ళు పడగానే పూలన్నీ పైకి తేలతాయి. కాసేపటికి తెల్ల రేకులు మెత్తబడి, తడిసిన టిష్యూ కాగితంలా పల్చగా కనిపిస్తాయి. పసుపు బుడిపెలు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, కొన్ని మెల్లగా అడుక్కి దిగుతాయి. వాటి కిందనుంచి లేత పసుపు రంగు సన్నటి చారలుగా జారుతూ ఉంటుంది. ఒక పువ్వును చేతిలోకి తీసుకుని నిలువుగా చీల్చి కూడా చూడండి. టీకి ఎక్కువగా వాడే రకం, అంటే అసలైన జర్మన్ కామోమైల్ అయితే ఆ పసుపు బుడిపె లోపల బోలుగా ఉంటుంది. పూలు కొన్నప్పుడు మోసపోయారో లేదో తేల్చుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

ఎంతసేపు? విడి పూలయితే ఆరేడు నిమిషాలు, బ్యాగుల్లోని నలిగిన పొడయితే నాలుగైదు. పది దాటితే చేదు మొదలవుతుంది. మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన నీటి బొట్లను సింకులో విదిలించకండి, కప్పులోకి వంచండి. పారిపోబోయిన వాసనంతా వాటిలోనే ఉంటుంది. తర్వాత సన్న జాలితో వడకట్టండి. జాలిలో మిగిలిన పూలను చెంచాతో నొక్కి పిండాలని చెయ్యి లాగుతుంది. పిండకండి, చేదంతా ఆఖరి బొట్లలోనే దిగుతుంది.

వచ్చేది లేత బంగారు రంగు. పండిన యాపిల్, ఎండుగడ్డి కలిసినట్టుండే వాసన. ‘ఇదేంటమ్మా, రంగు లేదు, పాలు పొయ్యలేదు’ అని ఇంట్లో పెద్దవాళ్ళు అనే తీరతారు, అననివ్వండి. పాలు పోస్తే మాత్రం వాసన మొత్తం పోతుంది. తీపి కావాలంటే కాస్త చల్లారాక అర చెంచా తేనె. ఏడాది లోపు పిల్లలకు తేనె పట్టకూడదన్న సంగతి మరవకండి.

నిద్ర గురించి ఒక మాట. ఇంటర్నెట్‌లో దీన్ని నిద్రమాత్రలా అమ్ముతున్నారు. ఇందులో అపిజెనిన్ అనే పదార్థం ఉంది, దాని మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, గట్టి రుజువు మాత్రం ఇంకా లేదు. ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే: ఇందులో కెఫీన్ ఉండదు. రాత్రి 9 గంటల చాయ్ మానేసి ఇది తాగితే ఆ మేరకు లాభమే. టెన్షన్‌కు, నిద్రలేమికి డాక్టరు రాసిన మందులు మాని దీన్ని పట్టుకోవద్దు.

ఇది అందరికీ పడదు కూడా. ఖాళీ ప్లాట్లలో ఏపుగా పెరిగే వయ్యారిభామ తెలుసుగా, అదీ ఈ కుటుంబంలోదే. దాని పుప్పొడికి తుమ్ములు, దద్దుర్లు వచ్చేవాళ్ళు, చామంతి పడనివాళ్ళు దీన్ని తాగకపోవడమే మంచిది. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

పూలు నిల్వ చేయడానికి గట్టి మూత ఉన్న గాజు సీసా చాలు, వెలుతురు తగలని అల్మారాలో పెట్టండి. పోపులపెట్టె పక్కన మాత్రం పెట్టకండి. ఇంగువ వాసన పట్టిన కామోమైల్‌ను బాగుచేసే ఉపాయం నా దగ్గర లేదు. వానాకాలంలో సీసా మూత ఎక్కువసేపు తెరిచి ఉంచకండి. పూలు చేతికి మెత్తగా తగిలాయంటే తేమ ఎక్కినట్టే.

ఈ వారం అభ్యాసం: ఒకే కొలతతో మూడు కప్పులు పెట్టి, ఒకటి 3 నిమిషాలకు, ఒకటి 6కు, ఒకటి 12కు వడకట్టండి. మూడూ కాస్త చల్లారాక అదే వరసలో ఒక్కో గుక్క తాగండి. మొదటిదాంట్లో వాసనే గానీ పట్టు ఉండదు, మూడోది నాలుక వెనక చేదుగా పట్టుకుంటుంది. మీకు నచ్చే సమయం ఆ మధ్యలో ఎక్కడుందో సీసా మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఎండాకాలం కోసం, అసలు స్టవ్ వెలిగించకుండా చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టే కామోమైల్. దానికి ఒక లీటరు గాజు సీసా, ఫ్రిజ్‌లో దాన్ని నిలబెట్టేంత చోటు సిద్ధం చేసుకోండి.