ప్రమాద రోగి మన చేతుల్లో – 3: రక్తం ఎక్కడికి పోతోంది?

గత రెండు పాఠాల్లో శ్వాసమార్గం, శ్వాస చూశాం. ఆ రెండూ సరిచేశాకే నాడి దగ్గరికి రావాలి. కళ్లముందే రక్తం చిమ్ముతుంటే మాత్రం వరస పక్కనపెట్టి ముందు అక్కడ అదిమిపట్టండి.

రాత్రివేళ 108లో ఒక యువకుణ్ణి తెచ్చారనుకోండి. బైకు మీద నుంచి పడ్డాడు. పేరు చెబుతున్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు. నాడి 118, బీపీ 110/86. హౌస్ సర్జన్ కేసు షీటులో ‘బీపీ నార్మల్’ అని రాసేసి, మోచేతి గాయానికి కుట్లు వేసే పనిలో పడతాడు. ఈ పాఠమంతా ఆ రెండు మాటల మీదే.

70 కిలోల మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో లీటరున్నర పోయేదాకా బీపీ పై అంకె పెద్దగా పడకపోవచ్చు. రక్తనాళాలు బిగుసుకుని లోటును కప్పిపుచ్చుతాయి. ఆ బిగువే కింది అంకెను పైకి నెడుతుంది. 110/86లో తేడా ఎంత? 24. మామూలుగా 40 దరిదాపుల్లో ఉండాలి. ఇక అరచేయి పట్టుకోండి: చల్లగా, చెమ్మగా ఉందా? గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపెక్కుతోందా? దాహాన్నీ తేలిగ్గా తీసుకోకండి. వృద్ధుల్లో, బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారిలో నాడి పరుగెత్తకపోవచ్చు. 80 చూసి మురిసిపోవద్దు.

ప్రాణం తీసేంత రక్తం పోయే చోట్లు ఐదు: ఒంటి బయట, ఛాతీ, పొట్ట, కటి (తుంటి ఎముకల గూడు), తొడలు. పెద్దవాళ్లలో పుర్రె లోపల అంత చోటు లేదు కాబట్టి రక్తం చాలక వచ్చే షాక్‌ను తలగాయం మీదికి నెట్టకండి. బయట అంటే వీపు కింద, దుప్పటి మడతల్లో కూడా. ఛాతీకి, కటికి మంచం దగ్గరే ఎక్స్‌రే, పొట్టకు అల్ట్రాసౌండ్. ఒక్క తొడ ఎముక విరిగినా లీటరు రక్తం లోపలే పోగవ్వొచ్చు. కటి విరిగిందన్న అనుమానం వస్తే అటూ ఇటూ ఊపి చూడకండి, అప్పుడే కడుతున్న గడ్డ చెదిరిపోతుంది. కటిని బిగించే బెల్టు లేకపోతే దుప్పటి మడిచి బిగించండి. కొత్తవాళ్లు దాన్ని నడుముకు కడతారు. కట్టవలసింది ఇంకా కింద, తొడ ఎముక పైకొస పక్కకు చేతికి తగిలే చోట.

వెతుకుతూనే రెండు చేతులకూ లావు క్యాన్యులాలు (సిరలోకి పెట్టే గొట్టాలు) పెట్టండి: బూడిద రంగుది, దొరక్కపోతే ఆకుపచ్చది. వెంటనే గ్రూపింగ్‌కు, క్రాస్ మ్యాచింగ్‌కు (దాత రక్తం సరిపోతుందో చూసే పరీక్షకు) రక్తం తీసి పంపండి. గోరువెచ్చని సెలైన్ లీటరుకు మించవద్దు, ఆపైన రక్తమే. సీసా మీద సీసా ఎక్కిస్తే ఉన్న రక్తం పలచబడి గడ్డకట్టడం మానేస్తుంది. (మన వార్డుల్లో ఈ అలవాటు పోవడానికి ఇంకా చాలా కాలం పట్టేలా ఉంది.) రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో ఇవ్వండి, అదీ దెబ్బ తగిలిన మూడు గంటల లోపు. ఈ మందు మీద 20 వేలమందికి పైగా రోగులతో చేసిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి; ఆలస్యంగా ఇస్తే రక్తస్రావ మరణాలు పెరిగినట్లు ఆ వివరాల్లోనే తేలింది. అందుకే 108 సిబ్బంది వెళ్లిపోయే లోపు ప్రమాదం జరిగిన వేళ అడిగి రాసుకోండి.

అభ్యాసం: మన రోగి ఛాతీ ఎక్స్‌రే బాగుంది. పొట్టలో ద్రవం లేదు, తొడలు బాగున్నాయి, వీపు కింద తడి లేదు. లీటరు సెలైన్‌కు నాడి 100కి దిగి, పావుగంటకు 124కి ఎక్కింది. కటి ఎక్స్‌రే ఇంకా రాలేదు. అది వచ్చేలోపు ఏం చేస్తారు, ఎవరికి ఫోను చేస్తారు? జవాబు నాలుగో పాఠంలో.